ఆన్‌లైన్ రివ్యూల్లో మీరు ఇప్పటికీ మరచిపోలేని తప్పుడు తీర్పులు ఏవి? మా డిగ్రీ పిల్లల కోసం అడుగుతున్నాను

కోట గుమ్మం (విజయనగరం)

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. మా క్లాసులో రివ్యూలు చేసే పిల్లలు చాలామందే ఉన్నారు. ఒకడు మార్నింగ్ షో నుంచి బయటికి రాగానే హాలు గేటు దగ్గరే ఫోన్ పట్టుకుని మాట్లాడేస్తాడు. ఒకమ్మాయి కొత్త పాటల మీద రీల్స్ చేస్తుంది. చూసేవాళ్లు కూడా బాగానే ఉన్నారు. వచ్చే శనివారం నుంచి వాళ్లతో కూర్చుని విమర్శ గురించి మాట్లాడాలని అనుకుంటున్నాను. అలంకార శాస్త్రంతో మొదలుపెడితే రెండో వారానికి గది ఖాళీ. అందుకని ఈ పాతికేళ్లలో ఇంటర్నెట్లో సినిమాల మీద, పాటల మీద రాసినవాళ్లు ఎక్కడెక్కడ దారి తప్పారో ఆ ఉదాహరణలతోనే మొదలుపెడదామని ఉంది.

"ఫలానా సినిమాకి రెండున్నర ఇచ్చారు, అది నాకు ప్రాణం" అనే ఫిర్యాదులు మాత్రం వద్దు. 'ఆరెంజ్' 2010 నవంబరులో వచ్చినప్పుడు బాగాలేదన్నవాళ్లే ఎక్కువ. 2023లో మళ్లీ రిలీజ్ చేస్తే హాళ్లు నిండాయి, పాటలన్నీ కుర్రాళ్లు గొంతు కలిపి పాడారు. అంతమాత్రాన 2010లో బాగాలేదన్నవాడు తప్పు చేశాడని అనలేం. నచ్చలేదు, నచ్చలేదని చెప్పాడు. 'ఖలేజా' సంగతీ అంతే. నచ్చకపోవడానికి ఎవరికైనా హక్కుంది.

నేను తప్పు అంటున్నది వేరు. ఎన్నో ఏళ్లుగా నా కడుపు మండిస్తున్నది ముందు చెప్పేస్తాను. "బి, సి సెంటర్లలో ఎక్కదు." తెలుగు సైట్లలో రివ్యూ చివర ఈ మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. 2014 సంక్రాంతికి '1 నేనొక్కడినే' వచ్చినప్పుడు నేను చదివిన రివ్యూల్లో ఎక్కువ భాగం ఇదే వరస. మల్టీప్లెక్సు జనానికి సరే, కింది సెంటర్లకు బుర్రకెక్కదు అన్నారు. ఆ కింది సెంటర్లు అంటే ఎవరు? మనమే. విజయనగరం, శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి, పలాస. ఆ రాసినవాళ్లు ముందురోజు రాత్రి అమెరికాలో ప్రీమియర్ చూసినవాళ్లు, లేదా పొద్దున్నే హైదరాబాద్‌లో చూసినవాళ్లు. మన హాల్లో మన పక్కన కూర్చుని చూసి రాసినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని నాకు అనుమానం. తనకు అర్థం కాకపోతే కాలేదని రాయవచ్చు. విసుగొస్తే విసుగొచ్చిందని రాయవచ్చు. ఆ మాట తన నోటితో చెప్పకుండా, ఎన్నడూ చూడని జనం నెత్తిన పెట్టడం నేను ఒప్పుకోలేను.

గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది ఈ ఊళ్లో. సంగీత కళాశాల 1919లో ఇక్కడ మొదలైతే ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల వచ్చి చదువుకున్నది అక్కడే. సుశీలమ్మ పుట్టింది ఈ ఊళ్లోనే. 'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా వేసిన జె.వి. సోమయాజులుగారు మన శ్రీకాకుళం జిల్లా మనిషి, ఇక్కడి నాటకాల్లోంచి ఎదిగినవారు. 1980 ఫిబ్రవరి 2న ఆ సినిమా వచ్చినప్పుడు మొదట్లో హాళ్లు ఖాళీ. కథానాయకుడు వయసు మళ్లిన విద్వాంసుడు, సినిమా నిండా శాస్త్రీయ సంగీతం. ఇవాళైతే ఆ మధ్యాహ్నానికే "క్లాస్ ప్రేక్షకులకు మాత్రమే, మాస్ సెంటర్లలో కష్టం" అని తేల్చేసి ఉండేవారు. దాన్ని నిలబెట్టింది చూసినవాళ్లు ఇంటికెళ్లి పక్కింటివాళ్లకు చెప్పడం. ఆ చెప్పినవాళ్లలో రాగం పేరు తెలియనివాళ్లే ఎక్కువమంది.

నాకు గుర్తున్న రెండోది మాట తీరుకు సంబంధించినది. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే 'కేరాఫ్ కంచరపాలెం' అంటే నాకు చాలా ఇష్టం. చాలామటుకు మన ఉత్తరాంధ్ర మనుషుల్ని, నటన తెలియనివాళ్లను పెట్టి తీసిన సినిమా. ఆ దర్శకుడు వెంకటేశ్ మహాగారు 2023 మార్చిలో తోటి దర్శకులతో ఒక ఆన్‌లైన్ చర్చలో కూర్చుని 'కేజీఎఫ్' హీరో పాత్ర గురించి మాట్లాడారు. తల్లి కోరిక కోసం బంగారమంతా పోగేసుకున్నవాణ్ణి, దాన్ని తవ్వినవాళ్ల గతి ఏమైనా పట్టనివాణ్ణి మనం ఎందుకు గొప్పవాడు అంటున్నాం అన్నది ఆయన ప్రశ్న. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ పాత్రను తిట్టడానికి ఆయన వాడిన మాటలు నలుగురిలో వాడేవి కావు. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. తర్వాత, ఆ చర్చలో కూర్చున్న దర్శకురాలు నందినీరెడ్డిగారు క్షమాపణ చెప్పారు. మహాగారు కూడా భాష విషయంలో క్షమాపణ చెప్పి, అభిప్రాయం మాత్రం మారలేదన్నారు. ఆ వారమంతా నేను చూసిన గొడవలో ఆ తిట్టు, ఆ నవ్వు తప్ప ఆ ప్రశ్న ఎక్కడా వినపడలేదు. ఒక మంచి ప్రశ్న అలా మట్టిలో కలిసిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

మీకు గుర్తున్నవి రాయండి. సినిమా, పాట, టీవీ ఏదైనా సరే. బయటి దేశాలవైనా పర్లేదు. ఏం జరిగిందో, అందులో తీర్పు ఎక్కడ పక్కదారి పట్టిందో చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, నేను శ్రీకాకుళంలో హాలు బుకింగ్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి. ఇప్పుడు మా తమ్ముడు లీజుకు తీసుకున్న హాలు చూసుకుంటున్నాను. మీరన్న సెంటర్ల సంగతి మా వైపు నుంచి చెప్తాను.

ఆ లెక్క మా వ్యాపారంలో పుట్టింది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, గుంటూరు, కృష్ణా, నెల్లూరు అని ఏరియాలుగా విడగొట్టి సినిమా కొంటారు. డబ్బు పెట్టినవాడికి ఏ ఊళ్లో ఎంత వస్తుందో అంచనా కావాలి. ఆ అంచనా తప్పితే అప్పు నెత్తిన పడేది వాడికే. రివ్యూ రాసేవాడు ఒక్క రూపాయి పెట్టలేదు, మరి కొనేవాడి గొంతుతో ఎందుకు మాట్లాడాలి? సినిమా ఎలా ఉందో చెప్పమంటే ఎంత వసూలు చేస్తుందో చెప్తారు. రెండూ వేరు వేరు పనులు. మాకు బయ్యర్లున్నారు, ఆ పని వాళ్లు చేసుకుంటారు.

ఇంకోటి. శుక్రవారం మార్నింగ్ షోకి వచ్చేది హీరో అభిమానులు. కాగితాలు ఎగరేస్తారు, ఈలలు వేస్తారు, సగం డైలాగులు వినపడవు. అందులో కూర్చుని కుటుంబ కథకు తీర్పు ఎలా చెప్తారు? మా హాలుకు పల్లెల నుంచి ఆడవాళ్లు, పిల్లలు ఆదివారం మ్యాట్నీకి వస్తారు. సంక్రాంతికైతే చుట్టాలతో కలిసి ఆటోలు మాట్లాడుకుని వస్తారు. వాళ్లు ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ లేచి బయటికి పోతున్నారో తలుపు దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో ప్రసాద్స్ గేటు దగ్గర మైకు పెట్టి అడిగిన మాటలే రాష్ట్రం మొత్తం టాక్ అయిపోతున్నాయి. మా తలుపు దగ్గరకు ఏ మైకూ రాదు.

నాకు మరపురాని తప్పుడు పని అడిగారు. ట్విట్టర్‌లో ఒకాయన "ఓవర్సీస్ సెన్సార్ బోర్డు సభ్యుణ్ణి, సినిమా చూశాను, ఇన్ని స్టార్లు" అని రిలీజుకు ముందే పెట్టేవాడు. ఏళ్ల తరబడి ఇదే పని. మన తెలుగు సైట్లు దాన్ని తీసుకుని "ఫస్ట్ రివ్యూ వచ్చేసింది" అని పెద్ద అక్షరాలతో వేసేవి. మన దేశంలో సర్టిఫికెట్ ఇచ్చేది 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద పనిచేసే సీబీఎఫ్‌సీ, అంటే మనం సెన్సార్ బోర్డు అనేది. బయటి దేశాల్లో ఏ దేశానికి ఆ దేశపు సంస్థ ఉంటుంది. అన్నీ కలిపి చూసే ఓవర్సీస్ బోర్డు అనేది లేనే లేదు. ఒక్క డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసినా తెలిసిపోయేది. ఆయన ఒక్కడి మీద నాకు అంత కోపం లేదు. తెలిసి కూడా క్లిక్కుల కోసం అచ్చేసిన సైట్ల మీద ఉంది. ఆ స్టార్లు చూసి అడ్వాన్సు బుకింగ్‌కి వచ్చిన కుర్రాళ్లు రెండో రోజు మమ్మల్ని కౌంటర్ దగ్గర తిట్టారు.

అమెరికాలో ఇంతకంటే పెద్దది జరిగింది. 2000, 2001 ప్రాంతంలో సోనీ పిక్చర్స్ సినిమాల పోస్టర్ల మీద డేవిడ్ మానింగ్ అనే విమర్శకుడి పొగడ్తలు వచ్చేవి. ఏదో చిన్న ఊరి పత్రికలో రాస్తాడని వేసేవారు. ఆ పత్రిక నిజంగానే ఉంది, మనిషే లేడు. స్టూడియో మార్కెటింగ్‌లో పనిచేసేవాళ్లే కల్పించారు. 2001లో న్యూస్‌వీక్ బయటపెట్టింది. తర్వాత దావా వేస్తే 15 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నారు, టికెట్ కొన్నవాళ్లకు తలో ఐదు డాలర్లు.

దీనికి తిరగబడిన రకం ఇప్పుడు నడుస్తోంది. 2019లో 'కెప్టెన్ మార్వెల్' రాకముందే సినిమాల రివ్యూలన్నీ ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ సైట్లో మంద కట్టి దాన్ని కిందికి లాగారు. రిలీజుకు ముందు జనం అభిప్రాయం చెప్పే ఏర్పాటునే వాళ్లు తీసేయాల్సి వచ్చింది. మన 'ఫ్యామిలీ స్టార్'కి 2024 ఏప్రిల్‌లో రిలీజుకు ముందు నుంచే వ్యతిరేక ప్రచారం చేశారని హీరో తరఫువాళ్లు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. సినిమా ఎలా ఉందనేది పక్కన పెట్టండి. చూడకుండా రాసినదాన్ని రివ్యూ అని ఎలా పిలుస్తాం?

అయితే ఒక్క మాట. రివ్యూలే ఆపేయాలనే నిర్మాతలతో నేను కలవను. 2024 డిసెంబరులో మొదటి మూడు రోజులు ఆన్‌లైన్ రివ్యూలు ఆపించమని తమిళ నిర్మాతలు అడిగితే మద్రాస్ హైకోర్టు ఒప్పుకోలేదు. అదే సరైంది. బాగాలేని సినిమాని బాగాలేదని చెప్పే హక్కు టికెట్ కొన్న ప్రతివాడికీ ఉంది, హాలు నడిపేవాడిగా నాకు నష్టమొచ్చినా సరే.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

మాస్టారూ, నేను పాటల వైపు చెప్తాను. ఇంట్లో పిల్లలకు సంగీతం నేర్పుతాను. మీ క్లాసులో రీల్స్ చేసే అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి.

అమెరికాలో పిచ్‌ఫోర్క్ అని ఒక సంగీత పత్రిక. ఇంటర్నెట్లోనే పుట్టి పెరిగింది. ఆల్బమ్‌కి పదికి మార్కులు వేస్తారు, అదీ దశాంశంతో, 6.4, 8.1 అన్నట్టు. 2003లో లిజ్ ఫేర్ అనే గాయని కొత్త ఆల్బమ్ తెచ్చింది. అంతకు పదేళ్ల ముందు ఆమె తొలి ఆల్బమ్‌ను విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. ఈసారి రేడియోలో అందరూ వినే రకం పాటలు పాడింది. పిచ్‌ఫోర్క్ ఇచ్చిన మార్కు 0.0.

సున్నా అంటే ఏమిటో ఆలోచించండి. ఆమె గొంతు ఉంది, వాయించినవాళ్లు ఉన్నారు, శ్రుతి ఉంది, లయ ఉంది. ఏదీ లేకుండా పోలేదు కదా. మేం పిల్లలకు పరీక్ష పెట్టినప్పుడు స్వరం తప్పినా సున్నా వెయ్యం. ఆ సున్నా పాటకు వేసింది కాదు. "నువ్వు మేం మెచ్చినట్టుగా ఉండకుండా మారిపోయావు" అని మనిషికి వేసిన శిక్ష. రాసినవాడు అప్పటికి కాలేజీ వయసు కుర్రాడు. 2019లో ఆయనే బహిరంగంగా ఆమెకు క్షమాపణ చెప్పాడు. ఆమె మర్యాదగానే తీసుకుంది. పదహారేళ్లు పట్టింది.

2021లో ఆ పత్రికవాళ్లు పాత మార్కుల్లో కొన్ని మారుస్తున్నామని ప్రకటించారు. మొత్తం 19 ఆల్బమ్‌లు. లిజ్ ఫేర్‌కి 0.0 నుంచి 6.0. డాఫ్ట్ పంక్ వాళ్ల 'డిస్కవరీ'కి 6.4 నుంచి ఏకంగా 10. చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం నచ్చలేదు. 2001లో ఒకాయన విని 6.4 అన్నాడు, అది ఆయన చెవి. ఇరవై ఏళ్లకు లోకమంతా మెచ్చుకున్నాక పది వేస్తే అందులో కొత్తగా విన్నదేముంది? మీరు ఆరెంజ్ గురించి చెప్పిందే ఇక్కడా పనిచేస్తుంది. కానీ సున్నా విషయంలో మార్కు మార్చడం చాలదు. అప్పుడు ఎందుకు అంత కసిగా రాశామో చెప్పాలి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వాళ్లు చేసిన రెండో తప్పు.

ఆ సున్నా ఏం చేయగలదో మరుసటి ఏడాదే తెలిసింది. 2004లో ట్రావిస్ మోరిసన్ అనే గాయకుడి సొంత ఆల్బమ్‌కీ 0.0 వేశారు. కాలేజీ రేడియోలు పాటలు వేయడం మానేశాయి. ఒక రికార్డుల షాపువాళ్లు ఆ రివ్యూ చదివి, పాట వినకుండానే ఆల్బమ్ తెప్పించలేదట. 2006లో జెట్ అనే బ్యాండు ఆల్బమ్‌కి రివ్యూగా ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఒక కోతి అసహ్యమైన పని చేసే వీడియో పెట్టి వదిలేశారు. చదివినవాళ్లు నవ్వారు, పత్రికకు పేరొచ్చింది. పాటలో ఏం బాగాలేదో చెప్పే శ్రమ తప్పింది. ఇవాళ మన మీమ్ పేజీలు చేసేది సరిగ్గా ఇదే.

రెబెకా బ్లాక్ గురించి తెలుసా? 2011లో 'ఫ్రైడే' అనే పాట. ఆ పిల్లకు అప్పుడు పదమూడేళ్లు. వాళ్లమ్మ డబ్బు కట్టి ఒక చిన్న కంపెనీతో వీడియో చేయించింది, కూతురి సరదా కోసం. పెద్దపెద్ద కామెడీ సైట్లు "ఇంతకంటే చెత్త పాట లేదు" అని ఎత్తి చూపించేసరికి లోకమంతా మీద పడింది. యూట్యూబ్‌లో అత్యధిక డిస్‌లైకులు వచ్చిన వీడియో అయింది. చంపుతామని బెదిరింపులు వస్తే పోలీసులు చూడాల్సి వచ్చింది. పాట బలహీనమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పాట రాసింది, ట్యూన్ కట్టింది పెద్దవాళ్లు. తిట్లు తిన్నది ఎనిమిదో తరగతి వయసు పిల్ల. ఎవరి తప్పు ఎవరి మీద వేస్తున్నామనేది చూడనివాళ్లు విమర్శకులు కారు. ఆ అమ్మాయి తర్వాత కూడా పాడటం మానలేదు, 2021లో అదే పాటను తన ఇష్టం వచ్చినట్టు మళ్లీ చేసి విడుదల చేసింది. ఆ వార్త చదివి నేను నిజంగా సంతోషించాను.

మన దగ్గరా ఇదే. 2024 జూలైలో ఒక తండ్రీ, చిన్న కూతురూ ఉన్న వీడియో మీద ఒక తెలుగు యూట్యూబర్, అతని స్నేహితులు లైవ్‌లో "రోస్ట్" పేరుతో ఎంత నీచంగా మాట్లాడారో మీకు గుర్తుండే ఉంటుంది. సాయి ధరమ్ తేజ్ గారు బయటికి తెచ్చాక పోక్సో కేసు పెట్టి అరెస్టు చేశారు. అంతవరకు వెళ్లకపోయినా, ఇలాంటివి మన ఊళ్లలో రోజూ జరుగుతున్నాయి. నా దగ్గర నేర్చుకునే ఒక పాప అన్నమయ్య కీర్తన పాడి పెట్టిన వీడియోను ఒక ట్రోల్ పేజీ తీసుకుని మధ్యలో గాడిద అరుపు కలిపింది. పాప శ్రుతి తప్పిన మాట నిజం. నేర్చుకుంటున్న పిల్ల తప్పదా? తర్వాత చాలా రోజులు గొంతు విప్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నేను పాడుతూ ఉంటే పెదవులు మాత్రం కదిపేది. ఆ పేజీవాళ్లకు ఆ పాప పేరు కూడా తెలియదు.

తీరం కుర్రాడు (శ్రీకాకుళం జిల్లా)

మాస్టారూ, బొబ్బిలి అప్పా, నాదొకటి. 'తండేల్' 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మా వైపు మత్స్యకారుల కథ. 2020 జనవరిలో వాళ్లు తిరిగొచ్చినప్పుడు మా ఊరివాళ్లు కూడా వెళ్లి చూసొచ్చారు. మా నాన్న వేరావల్ బోట్లలో పనిచేసినవాడే.

ఆ సినిమా మీద వచ్చిన రివ్యూలు చాలా చదివాను. ప్రేమకథ బాగుంది, జైలు భాగం బలహీనం, పాటలు బాగున్నాయి. ఇవన్నీ ఎవరి అభిప్రాయం వాళ్లది. నన్ను బాధపెట్టింది యాసకు ఇచ్చిన సర్టిఫికెట్లు. ఒకాయన "శ్రీకాకుళం యాసను అచ్చంగా పట్టేశారు" అంటాడు, ఇంకొకాయన "కృతకంగా ఉంది" అంటాడు. ఇద్దరిలో ఎవరైనా మా రేవులో ఒక పూట కూర్చున్నారా? ఇచ్ఛాపురం వైపు ఒడియా కలుస్తుంది, రాజాం వైపు మాట తీరు వేరు, తీరంలో మాది వేరు. చిన్నప్పటి నుంచి మా యాస వింటే సినిమాల్లో పనివాడో, నవ్వించేవాడో గుర్తొచ్చేలా చేశారు. అలా అలవాటైన చెవితోనే అచ్చమో కాదో తేల్చేస్తున్నారు. మా అమ్మ సినిమా చూసి రెండు మూడు చోట్ల "ఈ మాట మనం ఇలా అనం కదా" అంది, మిగతా అంతా ఒప్పుకుంది. ఏ రివ్యూలోనూ నాకు ఆ పాటి వివరం దొరకలేదు.

అసలు రాయాల్సింది ఇంకోటి ఉంది. మా జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పక్కనే సముద్రం పెట్టుకుని మావాళ్లు గుజరాత్ దాకా ఎందుకెళ్తున్నారు? ఇక్కడ పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేక. సినిమా ఆ ప్రశ్నకు ఎంత చోటిచ్చింది, ఎంత దాటేసింది అని ఒక్కరైనా నిలదీస్తారని చూశాను. దాని బదులు మొదటి రోజు వసూళ్ల గురించి పేరాలకు పేరాలు రాశారు. నాగావళి అన్న చెప్పినట్టు ఆ లెక్క కొన్నవాళ్లు చూసుకుంటారు.

రాజాం రివ్యూస్ (రాజాం)

సర్, నేను మీ స్టూడెంట్‌ని కాదు కానీ రివ్యూలు చేసేవాణ్ణి. మీరందరూ చెప్పింది చదివాను. మా ఇబ్బంది కూడా వినండి.

షో అయిన గంటలో వీడియో పడకపోతే ఎవరూ చూడరు. ఇంటర్వెల్లోనే "ఫస్టాఫ్ ఎలా ఉంది బ్రో" అని మెసేజ్‌లు మొదలవుతాయి. రెండు రోజులు ఆలోచించి పెడితే అప్పటికి అందరూ వేరే సినిమా గురించి మాట్లాడుతుంటారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోతుంది కదా, సగం సినిమా చూస్తే చాలదా అని మా ఫ్రెండ్స్ అంటారు. ఇంకో టెన్షన్. ఈ మధ్య ఒక ప్రమోషన్ ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి, వచ్చే సినిమాకి పాజిటివ్‌గా చెప్తే డబ్బిస్తామన్నారు. ప్రమోషన్ అని మాత్రం ఎక్కడా పెట్టొద్దన్నారు. నేనింకా ఏం చెప్పలేదు. మా ఇంట్లో పరిస్థితికి ఆ డబ్బు చిన్నది కాదు. ఏం చేయమంటారు?

నాగావళి గట్టు

బాబూ, ఆ డబ్బు గురించి నేను చెప్తాను, అలాంటివాళ్లను నేను చూశాను. డబ్బు తీసుకున్న సంగతి స్పష్టంగా చెప్పాలని యాడ్స్ చూసే ఏఎస్‌సీఐ 2021లోనే నిబంధనలు పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. పెట్టొద్దని అడుగుతున్నారంటే నీ చేత తప్పు చేయిస్తున్నారని అర్థం. 2023లో అమెరికాలో ఇలాంటిదే బయటపడింది. 'ఒఫీలియా' అనే సినిమాకి మంచి రివ్యూల కోసం బంకర్ 15 అనే పబ్లిసిటీ కంపెనీ చిన్న చిన్న విమర్శకులకు ఒక్కొక్క రివ్యూకి ఇంత అని ఇచ్చిందని ఒక పత్రిక రాసింది. పట్టుబడ్డాక ఆ కంపెనీకి చెందిన సినిమాలు కొన్నింటిని రాటెన్ టొమాటోస్ తీసేసింది. డబ్బు పుచ్చుకున్న ఆ చిన్నవాళ్ల రాతలను ఇంక ఎవరు నమ్ముతారు? నీకు డబ్బు అవసరమైతే అదే ఏజెన్సీకి "ప్రకటన అని రాసి పెడతాను, పొగడ్త మాత్రం రాయను, సినిమా వివరాలు చెప్తాను" అని చెప్పు. ఒప్పుకుంటే తీసుకో. ఒప్పుకోకపోతే ఫోన్ పెట్టేయ్.

కోట గుమ్మం

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ఇంత దొరుకుతుందని నేను అనుకోలేదు.

రాజాం బాబూ, నీ ప్రశ్న మెతుకు దగ్గర ఆగింది, అక్కడే మాట్లాడదాం. కుండలో మెతుకులన్నీ ఒకేసారి ఉడుకుతాయి కాబట్టి ఒకటి చాలు. సినిమాలో చివరి పావుగంట మొదటి గంట అర్థాన్ని మార్చేయవచ్చు. '1 నేనొక్కడినే'లో హీరో కళ్లకు కనిపించినదాంట్లో ఏది నిజమో తేలాలంటే చివరిదాకా కూర్చోవాల్సిందే. ఇంటర్వెల్లో అడిగినవాళ్లకు "సగమే చూశాను" అని చెప్పు, అది అబద్ధం కాదు కదా. గంటలో వీడియో పెట్టక తప్పదంటే పెట్టు. కానీ అందులో నీకు అనిపించిందే చెప్పు. ఏ సీను దగ్గర ఏమనిపించిందో చెప్పు. జనానికి ఎక్కుతుందా, ఎన్ని కోట్లొస్తాయి అన్నవి వదిలెయ్. అవి వదిలేస్తే వీడియో పొట్టిదవుతుంది, పని కూడా తొందరగా అవుతుంది. ఆదివారం నాగావళివారి హాల్లో మ్యాట్నీకి వెళ్లి తలుపు దగ్గర నిలబడి చూసి రెండో వీడియో చెయ్. రాజాం నుంచి శ్రీకాకుళం ఎంత దూరమని? అలాంటి వీడియో హైదరాబాద్‌లో కూర్చున్నవాడు చేయలేడు, అమెరికాలో ఉన్నవాడు అసలే చేయలేడు. నీ దగ్గరున్నది వాళ్ల దగ్గర లేదు, దాన్ని నువ్వు వాడుకోవడం లేదు.

బొబ్బిలి అమ్మా, మీరు సున్నా మార్కు గురించి రాసింది మా పిల్లలకు చదివి వినిపిస్తాను. మార్కులు మార్చడం మీకు నచ్చలేదన్నారు. నేను మాత్రం కొంచెం తేడాగా ఆలోచిస్తున్నాను. పాత రివ్యూ అలాగే ఉంచి, కింద తేదీ వేసి కొత్తగా రాస్తే బాగుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా విని మళ్లీ రాయడంలో తప్పు లేదు, లోకం మెచ్చిందని రాయడంలోనే ఉంది. పాప ఇప్పుడు పాడుతోందా?

తీరం బాబూ, నువ్వు రాసిన హార్బర్ ప్రశ్నతో మొదటి శనివారం మొదలుపెడతాను. వీలైతే మీ అమ్మగారు ఆ రెండు మూడు చోట్లు ఏవి అన్నారో రాసి పంపు. పిల్లల చేత ఆ సీన్లు మళ్లీ చూపించి, విని చెప్పమంటాను.

బొబ్బిలి వీణ

పాడుతోంది మాస్టారూ. ఫోన్ ముందు మాత్రం పాడనంటోంది, నేను బలవంతపెట్టలేదు. మీ పాత రివ్యూ, కొత్త రివ్యూ, తేదీ మాట నాకు నచ్చింది, అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

రాజాం రివ్యూస్

సర్, ఏజెన్సీకి నాగావళి అన్న చెప్పినట్టే మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. ఆదివారం మ్యాట్నీకి వస్తాను. అన్నా, కెమెరా తెచ్చుకోవచ్చా?

నాగావళి గట్టు

రా బాబూ. హాలు లోపల మాత్రం ఫోన్ తీయకూడదు, అది పైరసీ కిందకి వస్తుంది. బయట మెట్ల దగ్గర ఎంతసేపైనా తీసుకో. ముందే అడిగి, సరే అన్నవాళ్లనే తియ్, పిల్లల్ని తీయాలంటే వాళ్ల అమ్మనో నాన్ననో అడుగు. వచ్చాక బుకింగ్ దగ్గర నా కోసం అడుగు.